కాటా మీద మనిషి

అక్క సంచి సర్దుతోంది. సర్దడమంటే పెట్టింది తీయడం, తీసింది మళ్ళీ పెట్టడం. మధ్యాహ్నం భోజనాలయినప్పటినుంచీ అదే పని. రెండు చొక్కాలు, రెండు పైజామాలు, తువ్వాలు, దువ్వెన, మాత్రల డబ్బా, కళ్ళజోడు పెట్టె. ఉన్న సామానంతా ఇంతే. కానీ తమ్ముడి చొక్కా ఒక్కటి మడిస్తే దిండంత ఎత్తవుతుంది. రెండు పెట్టేసరికి సంచి జిప్పు సగం దాకా వచ్చి మొరాయిస్తుంది.

ఆ చొక్కాలు ఆమె కుట్టినవే. అక్క కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడకి ఆనించి నిలబెట్టిన గుడ్డల చుట్టలు, ఆమె మెడలో ఎప్పుడూ వేలాడే టేపు. తమ్ముడి కొలతకి బజార్లో చొక్కా దొరకడం మానేసి పద్నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ముందువైపు రెండు ముక్కలు, వెనకవైపు రెండు ముక్కలు అతికి ఆమే కుడుతోంది. అతుకు కనపడనియ్యదు. ఏటా ఓ అంగుళం వదులు పెంచుతూ, "పోయినేటి కొలతేరా" అనేది. అతను నమ్మేవాడో, నమ్మినట్టు ఊరుకునేవాడో ఆమె ఎన్నడూ అడగలేదు.

సంచి అమ్మది. ఒకప్పుడు ఖాకీ రంగు, ఇప్పుడు ఏ రంగూ కాదు. అక్కకి ఇరవయ్యేళ్ళప్పుడు, తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు అమ్మ ఈ సంచి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళేముందు ఆరు నెలల్లో చిక్కి సగమైంది. వేలి ఉంగరం జారిపోతోందని దారం చుట్టి పెట్టుకునేది. సంచి తిరిగొచ్చింది. ముప్ఫై ఏళ్ళ క్రితం అక్క భర్త ఇదే సంచితో వెళ్ళాడు. అతనూ ముందు చిక్కిపోయాడు. ప్యాంట్ల నడుము మూడుసార్లు బిగించి కుట్టిందామె. ఆసారీ సంచే తిరిగొచ్చింది. జిప్పు రెండుసార్లు మార్చింది గాని, సంచిని పారెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు.

"తెమిలిందా అక్కా?" అని లోపలిగదిలోంచి తమ్ముడు కేకేశాడు.

"ఆఁ, అవుతోంది" అంది. చొక్కా మళ్ళీ బయటికి తీసింది.

రేపు పొద్దున తొమ్మిదింటి బస్సు. నాలుగు గంటల ప్రయాణం. ఆ ఊళ్ళో ఒక చోట కడుపు కోసి చిన్నది చేస్తారట. ముందు పరీక్షలూ, వెనక ప్రశ్నలూ ఏమీ ఉండవట. వెళ్ళిన మర్నాడే ఆపరేషను, నాలుగోనాటికి ఇల్లు. బస్టాండు అనౌన్సరమ్మ కనుక్కొచ్చిన చోటు అది. తమ్ముడూ, ఆమే కలిసి వెళ్తున్నారు. ఊళ్ళో ఉన్న పెద్దాసుపత్రి వాళ్ళిద్దరినీ ఒకేరోజు వెనక్కి పంపింది మరి.

తమ్ముడు ఊరి చివర లారీ కాటా దగ్గర పనిచేస్తాడు. నేలలో పరిచిన పొడుగాటి ఇనుప పలక, దాని పక్కన గాజు కిటికీ ఉన్న చిన్న గది. లారీ వచ్చి పలక మీద నిలబడుతుంది, గదిలో అంకె వెలుగుతుంది, అతను చీటీ ఇస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. డ్రైవర్లు అతన్ని ముల్లు బాబాయ్ అంటారు. పాతకాలపు త్రాసు ముల్లులా ఎవరివైపూ ఒరగడని పెట్టిన పేరు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆ పేరు విని, లోపల కూర్చున్న మనిషిని చూసి, నవ్వాపుకోలేక తలుపు పట్టుకునేవాళ్ళు. అతనూ వాళ్ళతోపాటే నవ్వేవాడు. కానీ అతను చీటీ ఇచ్చాడంటే అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఇంక రెండో మాట ఉండేది కాదు.

ఏడాది క్రితం ఒక మిట్టమధ్యాహ్నం అతను గదిలోంచి పలక దాకా నడవబోయి, ఇరవై అడుగుల దూరంలో రెండుసార్లు కూర్చుండిపోయాడు. చక్కెర జబ్బు పన్నెండేళ్ళనుంచీ ఉంది, మోకాళ్ళు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు ఊపిరి. వెనక పద్దెనిమిది లారీలు ఆగి ఉన్నాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. అతను లేచి, చేరి, చీటీ ఇచ్చి, మళ్ళీ గదిలోకి వెళ్ళేదాకా పద్దెనిమిది ఇంజన్లూ ఆపేసి కూర్చున్నారు. ఆ రోజు క్యారేజీ పట్టుకెళ్ళిన అక్క ఆ నిశ్శబ్దాన్ని చూసింది. విన్నదనడం కన్నా చూసిందనడమే సరి. ఇంటికొచ్చాక అతను, "వాళ్ళు హారన్ కొట్టినా బాగుండేదక్కా" అన్నాడు. అప్పుడే, ఆపరేషను చేయించుకుంటానన్నాడు.

పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, చేతులు లేని వెడల్పాటి కుర్చీలు వేసిన గది ఒకటుంది. అక్క ఒక కుర్చీని చేత్తో నొక్కి చూసింది. తమ్ముడు కూర్చుంటే కిర్రుమనని కుర్చీ ఆమె అంతకుముందు చూడలేదు. అక్కడే ఒకావిడ, అతనంత కాకపోయినా దాదాపు అంత మనిషి, పేపరు చదువుకుంటోంది. తల ఎత్తి, "అక్కా, మీ కొంగు కుర్చీ కింద పడింది, చూసుకోండి" అంది.

అక్క కొంగు తీసుకోవడం మర్చిపోయి ఆమెకేసే చూసింది. ఆ గొంతు ఆమెకి పాతికేళ్ళుగా తెలుసు. ఊరందరికీ తెలుసు. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం నుంచి ఎన్నింటికి బయలుదేరుతుందో చెప్పే గొంతు. పదహారేళ్ళ పిల్ల పాడుతున్నట్టుంటుంది. దూరం వెళ్ళే ప్రతి మనిషినీ ఆ గొంతే పంపించేది. బస్టాండులో నిలబడి అది విన్నప్పుడల్లా, ఇంత తియ్యగా చెప్తే వెళ్ళకుండా ఎవరుంటారులే అని అక్క అనుకునేది. ఆ గొంతు ఇంత పెద్ద దేహంలోంచి వస్తుందని ఆమె కలలో కూడా ఊహించలేదు.

"నన్ను చూసినవాళ్ళందరూ ఇలాగే అవుతారు" అని అనౌన్సరమ్మ నవ్వింది. "చూడనివాళ్ళే నయం, పెళ్ళికొడుకుని వెతికిపెడతామంటారు."

లోపల బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. కోసే డాక్టరమ్మ, మత్తిచ్చే డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, మనసు డాక్టరు, తిండి సంగతి చూసే ఒక చిన్నపిల్ల, రాసుకునే నర్సు. ఒక్క మనిషి కోసం ఆరుగురు. అక్క అది లెక్కపెట్టుకుంది. అమ్మ విషయంలో ఒక డాక్టరు నిలబడే మాట్లాడి వెళ్ళిపోయాడు. భర్త విషయంలో అదీ లేదు.

డాక్టరమ్మ రబ్బరుతో చేసిన కడుపు బొమ్మ చేతిలోకి తీసుకుంది. ఇప్పుడిది సంచిలా ఉంది, నిలువునా కత్తిరించి, పెద్దభాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నగా చొక్కా చేతిలా కుట్టేస్తాం అంది. అక్క తనకి తెలియకుండానే ముందుకి వంగింది. ఎన్ని వరసల కుట్టు అని అడిగింది. మూడు వరసల పిన్నులు, యంత్రమే కోస్తూ కుట్టుకుంటూ పోతుంది, ఆఖర్న నీలం నీళ్ళు పోసి ఎక్కడైనా కారుతోందేమో చూస్తాం అని డాక్టరమ్మ చెప్పింది. దేవుడు కుట్టిన గుడ్డని విప్పి మళ్ళీ కుట్టే మనిషి ఎదురుగా కూర్చుని, మామూలు మనిషిలా టీ తాగుతోంది. అక్క ఆమె వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయింది.

బరువుంటే చాలు కోసేస్తారని తమ్ముడు అనుకుని వెళ్ళాడు. అలా కాదన్నారు. ఎత్తుకి బరువు ఎంత ఎక్కువుందో చూడాలి, దానివల్ల ఏ జబ్బులొచ్చాయో చూడాలి, మత్తుకి గుండె, ఊపిరి తట్టుకుంటాయో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆపరేషను తరవాత బతికినన్నాళ్ళూ కొంచెంకొంచెం తింటూ, మందులు మింగుతూ, పిలిచినప్పుడల్లా రాగలడో లేదో చూడాలి. "కోత రెండు గంటల పని. మిగతాదంతా మీ పని" అంది డాక్టరమ్మ. మూడు నెలలపాటు నోట్లో పెట్టుకున్న ప్రతిదీ పుస్తకంలో రాయాలి. నూటికి అయిదు వంతులు తగ్గాలి. అలా తగ్గితేనే పొట్టలో కాలేయం కుంచించుకుని కోతకి చోటిస్తుందట. వాళ్ళ తూకం మీద అతను నూట ఎనభైతొమ్మిది కిలోలు. నూట ఎనభైలోపు రమ్మన్నారు.

ఇంట్లో తూకం నూటయాభై దగ్గరే ఆగిపోతుంది. తమ్ముడు తన కాటానే వాడాడు. ఆదివారం పొద్దున లారీలు రాకముందు ఇనుప పలక మధ్యకి నడిచివెళ్ళి నిలబడేవాడు. లోపల అక్క మీట నొక్కేది. చీటీలో వాహనం దగ్గర ఏదో ఒకటి పడాలి, లేకపోతే యంత్రం ఒప్పుకోదు. అతను 'నేను' అని కొట్టించేవాడు. వాహనం: నేను. సరుకు: లేదు. బరువు: 190. ముప్ఫై టన్నుల రాళ్ళు మోసే పలక మీద, పొద్దుటి పొగమంచులో, అతను చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, తీర్పు వినేవాడిలా నిలబడేవాడు. గాజులోంచి చూస్తూ అక్క ఊపిరి బిగబట్టేది. పది వారాలు అదే నూట తొంభై. పదకొండో వారం చీటీ మీద నూట ఎనభై పడింది. ఇద్దరూ ఆ చీటీని మార్చి మార్చి చదువుకున్నారు.

మళ్ళీ పిలిచిన రోజున చీటీలన్నీ పిన్ను కొట్టి పట్టుకెళ్ళాడు. ఆసుపత్రి తూకం నూట ఎనభైనాలుగు అంది.

లారీ కాటా పదేసి కిలోల మెట్లలో నడుస్తుంది. నూట ఎనభైఅయిదుకి కాస్త తగ్గితే చాలు, నూట ఎనభై అనేస్తుంది. పదికిలోల లోపు తేడా దీనికి కనపడదు నాయనా అని ఇరవై ఎనిమిదేళ్ళుగా డ్రైవర్లకి చెప్పే మాట, తన విషయంలో అతను మర్చిపోయాడు.

అదైనా ఫరవాలేకపోయేది. తిండిపిల్ల పెన్సిలుతో పుస్తకమంతా కూడికలు వేసి, నెమ్మదిగా అంది, ఇందులో రాసిందే తిన్న మనిషి పదిహేను కిలోలు తగ్గాలని. పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం సూపు, సాయంత్రం ఉడికించిన కూరలు. ఇంత తక్కువ తిని ఎవరూ అయిదే తగ్గరని.

ఆరుగురూ అతనికేసి చూశారు.

"అబద్ధమాడారని అనడం లేదు. లెక్క కుదరడం లేదంటున్నాం" అంది డాక్టరమ్మ. "రేపు కోత అయ్యాక మీరు చెప్పే మాట మీదే మేం ఆధారపడాలి. తిన్నానంటే తిన్నట్టు, వాంతయిందంటే అయినట్టు. అది కుదిరేదాకా ఆగుదాం. ఆరు నెలల తరవాత రండి."

తమ్ముడు లేచాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఇరవై ఎనిమిదేళ్ళలో నా చీటీ తప్పని ఎవరూ అనలేదండీ" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ వెడల్పాటి వీపు గుమ్మం దాటుతుంటే అక్క కుర్చీలోంచి లేవలేకపోయింది. నోరు తెరవాల్సింది తనే. తెరవలేదు.

అదే రోజు అనౌన్సరమ్మకీ ఆగమనే చెప్పారు. ఆమె లెక్కలన్నీ బాగానే ఉన్నాయి గాని, నిద్రలో గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందట. పైగా రెండేళ్ళ క్రితం కాలిలో నెత్తురు గడ్డకట్టింది. రెండు నెలలు రాత్రిళ్ళు గాలి మాస్కు పెట్టుకుని పడుకుని, గడ్డల మందు వాడి, అప్పుడు రమ్మన్నారు. నాలుగు రాత్రులు పెట్టుకుంది. అయిదోరోజు పొద్దున మైకు ముందు కూర్చుంటే గొంతు బొంగురుపోయింది. మాస్కు తీసి డబ్బాలో పెట్టేసి, ఏ ప్రశ్నలూ వెయ్యని చోటు వెతుక్కుంది.

ఇప్పుడు ఆ చోటికి వెళ్ళడానికే ఈ సంచి.

అక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రాత్రిదాకా ఆగితే ఇంక చెప్పలేనని ఆమెకి తెలుసు. లేచి లోపలిగదిలోకి వెళ్ళింది. తమ్ముడు మంచం మీద కూర్చుని కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కోవడానికి అవస్థపడుతున్నాడు. ఆమె కింద కూర్చుని మేజోడు అందుకుంది. అతని మొహం చూడకుండా చెప్పడానికి అదే వీలుగా ఉంది.

"నీ పుస్తకం సరైనదేరా" అంది. "నీకు తెలిసిందంతా రాశావు. నేను కలిపింది నీకు తెలీదు."

అతను కాలు వెనక్కి తీసుకోలేదు. "ఏం కలిపావు?"

"వెన్న. సూపులో. కూరల్లో జీడిపప్పు పొడి."

"ఎప్పుడో ఓసారా?"

"రోజూ. రెండుపూటలా."

అతను చేతిలోని రెండో మేజోడు మంచం మీద పెట్టాడు. తరవాత అతను, లారీవాణ్ణి అడిగినట్టే అడిగాడు. "ఎన్ని చెంచాలు?"

"చెంచా కాదురా. గరిటె."

మంచం కదలడం మొదలెట్టింది. ఏడుస్తున్నాడనుకుని తలెత్తింది. నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. "ఉత్తి సూపు తాగితే కడుపు నిండిపోతోందేమిటా అనుకున్నానక్కా. నా అంత నిగ్రహం ఉన్నవాడు లోకంలో లేడనుకున్నాను." నవ్వి నవ్వి ఆగాడు. ఆగాక అడిగాడు, "ఎందుకే?"

చిన్నప్పుడు తప్ప అతను ఆమెని 'ఎందుకే' అని అడిగింది లేదు.

"చిక్కితే వెళ్ళిపోతారురా" అంది. "అమ్మ వెళ్ళింది. మీ బావ వెళ్ళాడు. చిక్కడమంటే నాకు తెలిసింది అదొక్కటే. నిన్ను నాలుగేళ్ళప్పటినుంచీ పెంచి ఇంతవాణ్ణి చేశాను. నువ్వు ఎంత ఉంటే అంత నాకు దక్కినట్టని..." మేజోడు మడమ దాకా లాగింది.

తమ్ముడు రెండో మేజోడు తనే తొడుక్కున్నాడు. అందుకు చాలాసేపు పట్టింది. ఆమె సాయపడబోతే వద్దన్నాడు. తరవాత ముందుగదిలోకి వెళ్ళి, సంచిలోంచి చొక్కాలు తీసి, మేకుకి తగిలించాడు.

"రేపు బస్టాండుకి వెళ్దాం. ఎక్కడానికి కాదు. ఆవిణ్ణి ఆపడానికి" అన్నాడు.

అనౌన్సరు గది టిక్కెట్ల కిటికీ పక్కన, మూడువైపులా గాజు. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె మైకు ముందు ఉంది. పక్కన చక్రాల ఎర్రపెట్టె. జుట్టు శుభ్రంగా దువ్వుకుని, కొత్త చెప్పులు వేసుకుని, ఎక్కడికో విహారానికి వెళ్తున్న మనిషిలా ఉంది. తమ్ముడు తను రావడం లేదన్నాడు, ఎందుకో చెప్పాడు. ఆమె అక్కకేసి చూసి, "గరిటెతోనా" అని, గాజు అదిరేలా నవ్వింది.

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. రెండు నెలలే కదా తల్లీ, మాస్కు అలవాటయ్యేదాకా గొంతు కాస్త అటూ ఇటూ అయినా మళ్ళీ వస్తుంది కదా అని, తనకి తోచినట్టు బతిమాలింది.

"రాకపోతే?" అంది అనౌన్సరమ్మ. "నన్ను ఈ ఊరు చూడదక్కా, వింటుంది. అదీ పోయాక నేను సన్నగా ఉంటేనేం, లావుగా ఉంటేనేం?"

"పోనీ, నిద్రలో ఊపిరి ఆగుతుందన్న సంగతి, కాలి గడ్డ సంగతి వాళ్ళకి చెప్పండి మేడమ్" అన్నాడు తమ్ముడు.

"అడిగితే చెప్తాను, అన్నా."

గడియారం చూసుకుంది. "పాతికేళ్ళనుంచీ అందర్నీ పంపిస్తున్నాను. ఇవాళ నా బస్సుని నేనే పిలుచుకుంటాను" అని మీట నొక్కింది. బస్టాండంతా ఆ గొంతు పరుచుకుంది. తొమ్మిదింటి బస్సు ఏడో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, ప్రయాణికులు దయచేసి తమ సామాను సరిచూసుకోవాలి. బెంచీల మీదివాళ్ళు లేచారు, మూటలు ఎత్తుకున్నారు, పిల్లల్ని లాక్కున్నారు. అందరినీ లేపిన మనిషి మీట ఆపేసి, ఎర్రపెట్టె హ్యాండిలు పట్టుకుని, వాళ్ళ మధ్యలోంచి ఏడో ప్లాట్‌ఫారానికి నడిచింది. ఒక్కరూ ఆమెని గుర్తుపట్టలేదు. దారికి అడ్డంగా ఉందని ఒకాయన విసుక్కున్నాడు కూడా. అక్క ఆ దృశ్యాన్ని నోరు తెరుచుకుని చూసింది. డ్రైవరు తన వెనకాల రెండు సీట్లు ఆమె కోసం ఖాళీగా ఉంచాడు. కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పది రోజుల తరవాత అక్కాతమ్ముళ్ళు మళ్ళీ ఆ ఆరుగురి ముందు కూర్చున్నారు. ఆరు నెలలు కాకుండానే ఎందుకొచ్చారని నర్సు అడిగితే, చెప్పాల్సింది ఉందంది అక్క. లేచి నిలబడింది. చెప్పింది. చెప్పి, చేతిసంచిలోంచి పాతగుడ్డలో చుట్టిన గరిటె తీసి బల్లమీద పెట్టింది. కొలత తెలియాలి కదా అని తెచ్చానంది.

ఎవరూ నవ్వలేదు. తిండిపిల్ల ఆ గరిటెని దీపం అందుకున్నట్టు అందుకుంది. నీళ్ళు పోసి, చెంచాతో కొలిచింది. మూడు చెంచాల పైన పట్టింది. పూటకి ఎన్ని, రోజుకి ఎన్ని, తొంభై రోజులకి ఎన్ని అని పెన్సిలు తీసుకుని కూర్చుంది. తమ్ముడు పెన్సిలు మొనకేసే చూస్తున్నాడు. కాటా అంకె నిలకడ అయ్యేదాకా ఆగే మనిషి ఎలా చూస్తాడో అలాగే. కూడిక పూర్తయ్యాక ఆ పిల్ల తల ఎత్తి, అయిదు కిలోలే తగ్గాలి, సరిగ్గా అయిదే అంది. పుస్తకంలో ఒక్క ముద్ద కూడా తప్పు లేదంది.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, ఆ పుస్తకం రెండు చేతులా పట్టుకుని తమ్ముడికి ఇచ్చింది. "మీ చీటీ సరైనదేనండీ. మేమే పొరపాటు పడ్డాం" అంది. అతను తీసుకున్నాడు. దాని అట్టని అరచేత్తో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. చదువుకున్న ఆరుగురు మనుషులు, ఊళ్ళో అందరూ లేచి దారిచ్చే మనుషులు, ఒక లారీ కాటా మనిషి ముందు తప్పు ఒప్పుకున్నారు. ఇలాంటిది కూడా లోకంలో ఉంటుందని అక్కకి అరవయ్యారేళ్ళు వచ్చాకగాని తెలియలేదు.

"అతను తగినవాడని తేలిపోయింది పెద్దమ్మా" అంది డాక్టరమ్మ, ఆమెకేసి తిరిగి. "ఇంక తేలాల్సింది మీ సంగతి. ఈ మనిషి బతికినన్నాళ్ళూ గుప్పెడే తింటాడు. రోజురోజుకీ చిక్కుతాడు. మీ కళ్ళముందే. తట్టుకోగలరా?"

తెలీదంది అక్క. ఆ జవాబు మంచిదే అన్నారు.

మూడు నెలలు, వారం వారం, మనసు డాక్టరు గదికి వెళ్ళింది తమ్ముడు కాదు, అక్క. అమ్మ ఉంగరానికి దారం చుట్టుకోవడం గురించీ, మూడుసార్లు బిగించిన ప్యాంట్ల గురించీ చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెని ఎవరూ అడగలేదు. వంటింట్లో తన చేత్తో వేసిన ప్రతిదీ తనే పుస్తకంలో రాసింది. తమ్ముడి పుస్తకం పక్కన ఆమె పుస్తకం. గరిటె తిండిపిల్ల బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఆసుపత్రి తూకం నూట డెబ్భైనాలుగు అన్న రోజున తేదీ ఇచ్చారు.

ఈసారి సంచి పది నిమిషాల్లో సర్దింది. కోతకి లోపలికి తీసుకెళ్ళేముందు, అతుకు కనపడుతుందా అని డాక్టరమ్మని అడిగింది. "లోపల ఎవరికి కనపడాలి పెద్దమ్మా? కారకుండా ఉంటే చాలు" అంది డాక్టరమ్మ. రెండుగంటల పది నిమిషాలు ఆ చేతులు లేని కుర్చీలో టేపు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నీలం నీళ్ళు ఎక్కడా కారలేదని నర్సు వచ్చి చెప్పింది. నాలుగోనాడు సంచి ఇంటికొచ్చింది. దాన్ని పట్టుకుని తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో సంచి దింపి, మంచినీళ్ళు రెండు గుక్కలు తాగి, చాలన్నాడు. రెండు గుక్కలకే చాలన్న ఆ మనిషిని అక్క వింతగా చూసింది.

ఏడాది తిరిగేసరికి చొక్కాలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. ముందువైపు ఒక్క ముక్క, వెనకవైపు ఒక్క ముక్క. అంగుళం తగ్గించిన ప్రతిసారీ కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలిచేది. అయినా తగ్గించింది. తగ్గించిన సంగతి అతనికి చెప్పింది కూడా. ఆదివారం పొద్దున అతను కాటా పలక మధ్యకి మునుపటి సగం సేపట్లో నడిచివెళ్ళాడు. చూడ్డానికి ఆరేడుగురు డ్రైవర్లు వచ్చారు. అక్క మీట నొక్కింది. వాహనం: నేను. సరుకు: లేదు. బరువు: 110. అటో ఇటో అయిదు కిలోలు ఉండొచ్చు అన్నాడు తమ్ముడు, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ. ముల్లు బాబాయ్ అన్న పేరు ఇప్పుడు అతికిందని డ్రైవర్లు నవ్వారు.

తిరిగొస్తూ ఇద్దరూ బస్టాండు మీదుగా నడిచారు. ఏడో ప్లాట్‌ఫారం బస్సుని ఒక మగగొంతు పిలుస్తోంది. బెంచీల మీదివాళ్ళు లేచి మూటలు ఎత్తుకుంటున్నారు. అక్క ఆగింది. తమ్ముడూ ఆగాడు. గాజుగది వైపు చూడకుండా, బస్సు బయలుదేరేదాకా అక్కడే నిలబడ్డారు.

అనౌన్సరమ్మ తిరిగి రాలేదు. ఆ మంగళవారం తొమ్మిదింటి బస్సులో వెళ్ళింది. బుధవారం ఆమెకి ఆపరేషను చేశారు. గురువారం పొద్దున పదకొండు గంటలకు అక్కడే పోయింది.